ప్రళయకావేరి యొడ్డున నేర్చిన లెక్క

మన పాఠశాల సాంవత్సరిక సంచికకు పూర్వవిద్యార్థులలో నొకని వ్యాసము కావలెనని తెలుగు పండితులవారు నాకు జాబు వ్రాసిరి. "నీవు కళాశాలలో జీవశాస్త్రము చదువుచున్నావు గదా, ఆ శాస్త్రమును గుఱించి చిన్నవారికిని, వారి తల్లిదండ్రులకును తెలియునట్లు నాలుగు మాటలు వ్రాసి పంపుము" అని వారి యాజ్ఞ. శాస్త్రమును బోధించు అర్హత నాకింకను రాలేదు. దానిని నేర్చుకొనుచు నేను చేసిన యొక తప్పు మాత్రము చక్కగ జ్ఞాపకమున్నది. పండితులవారు కోరినది ఇది కాకపోవచ్చును. అయినను నేను సూటిగ నెఱిగినది ఇదియే గాన, చదువరులు మన్నింతురను ధైర్యముతో దీనినే వ్రాయుచున్నాను.

ఈ పాఠశాలలో చదువునపుడు కప్ప బొమ్మను, మందారపువ్వు బొమ్మను చక్కగ గీయుదునని నాకొక పేరుండెను. ఆ పేరే నన్ను జీవశాస్త్రములోనికి దింపినది. కళాశాలలో మొదటి సంవత్సరమంతయు నాలుగు గోడల నడుమనే గడచెను. సీసాలలో మందునీట మునిగియున్న చేపలు, పాములు, తేళ్ళు. గాజుబీరువాలో గడ్డి కూరిన రాజహంస యొకటి. దాని కన్నొకటి యెప్పుడో రాలిపోయినది. ఆ పక్షి లాటిను పేరును, దాని కుటుంబమును, ముక్కు వంపునకు గల కారణమును కంఠస్థము చేసితిని; పరీక్షలో వ్రాసితిని; మంచి మార్కులును వచ్చెను. రాజహంస నాకు తెలిసినదని నిశ్చయముగ నమ్మితిని.

రెండవ సంవత్సరమున జీవావరణశాస్త్రమును బోధించుటకు వచ్చిన యుపాధ్యాయులు మొదటి గంటలోనే మాచేత పుస్తకములు మూయించిరి. ఒక చోటి నీరు, మన్ను, గాలి, మొక్కలు, జంతువులు, మనుష్యులు, ఇవన్నియు నొకదానిపై నొకటి యెట్లాధారపడియున్నవో విచారించు శాస్త్రమిది. దీనిని గదిలో గూర్చుండి నేర్చినవాడు పుస్తకమును చూచి ఈత నేర్చినవానివంటివాడని వారి యభిప్రాయము. "జనవరిలోగా మీకు లెక్కించుట వచ్చినచో చాలును" అనిరి. మేము నవ్వుకొంటిమి. బి.యస్సీ. చదువువారికి లెక్కించుట రాదా?

నెల్లూరునుండి తెల్లవాఱుజాము రైలులో గూడూరు, నాయుడుపేట దాటి సూళ్ళూరుపేటలో దిగితిమి. అచ్చటినుండి శ్రీహరికోటకు పోవు బాట తూర్పుగ సరస్సునడుమనుండి సాగును. ఆ బాటమీదనే అటకానితిప్ప యున్నది. పటములలో పులికాటు సరస్సని వ్రాయుదురు గాని, ఆ ప్రాంతపువారు దానిని ప్రళయకావేరి యందురు. మన దేశపు తీరమునగల ఉప్పునీటి సరస్సులలో ఒడిశాలోని చిలికా తరువాత పెద్దది యిదియే. 2022వ సంవత్సరము ఏప్రిలు నెలవఱకు ఈ సూళ్ళూరుపేట ప్రాంతమంతయు నెల్లూరు జిల్లాలోనిదే. అప్పటినుండి తిరుపతి జిల్లాలో చేరినది. పక్షులకీ మార్పు తెలిసినట్లు తోచదు.

ఆ సరస్సును మొదట చూచినపుడు నాకు నిరాశయే కలిగెను. నీలపు నీరును, అలలను ఊహించుకొని వచ్చినవానికి కనబడినది బూడిదవన్నె బురదమైదానము; దాని యంచున వెండిరేకువంటి నీటి పొర. సరస్సు విశాలమే గాని లోతు మిక్కిలి తక్కువ; అనేక స్థలములలో నడుములోతునకు మించదు. తూర్పున శ్రీహరికోట దీవి సముద్రమునకు అడ్డుగ నిలిచియున్నది. ఇసుకలోని సన్నని ముఖద్వారములగుండ సముద్రపునీరు లోనికి వచ్చును. కాళంగి, ఆరణి యను నదులు మంచినీరు తెచ్చును. అక్టోబరు మొదలు డిసెంబరు వఱకు ఈశాన్యపు వానలు కురియునపుడు సరస్సున ఉప్పదనము తగ్గును. ఎండకాలమున నీరింకి, ఆ నీరే సముద్రముకంటెను ఉప్పనగును. సముద్రపునీట వేయి పాళ్ళకు సుమారు 35 పాళ్ళు ఉప్పుండును. ఒక చుక్క నీటిని గాజుపలకపై వేసి, వెలుతురునకెదురుగ పట్టి చూచు చిన్న సాధనముతో మేమా పాళ్ళను చదువ నేర్చితిమి. ముఖద్వారము ఇసుకతో పూడినచో సముద్రమునుండి చేపపిల్లలును, రొయ్యపిల్లలును లోనికి రాజాలవు. అప్పుడు వల వేయువాని యింట పొయ్యి వెలుగదు. రాయదొరువు వద్దను, కొండూరుపాళెము వద్దను ముఖద్వారములు పూడుటను గుఱించి అచ్చటి జాలరులు, పంట పోయిన రైతులు మాటలాడునట్లే మాటలాడుదురు. మా సాధనములో కనబడు అంకె వారి బ్రతుకుతో ముడివడియున్నదని నాకప్పుడు తెలియలేదు. అది నాకొక చక్కని యాటవస్తువుగనే యుండెను.

మా యుపాధ్యాయుల నియమములు కొలదివి. సిరా పనికిరాదు, నీరు తగిలినచో అలుకుకొనిపోవును, కావున పెన్సిలు. తేదీ, గంట, గాలి యెటునుండి వీచుచున్నది, ఆకాశమెట్లున్నది, మనమెచ్చట నిలిచియున్నాము అన్నవి మొదట వ్రాయవలెను. చూచినచోటనే, చూచినప్పుడే వ్రాయవలెను. బసకు వచ్చి జ్ఞాపకమునుండి వ్రాసినది చెల్లదు. తెలియని పక్షిని తెలియనిదనియే వ్రాయవలెను. తప్పు వ్రాసినచో చెఱిపివేయరాదు. ఒక గీత గీచి ప్రక్కన సరియైనది వ్రాయవలెను. గీతక్రింది తప్పు చదువుటకు వీలుగ నుండవలెను. ఈ కడపటి నియమము నాకు వింతగ తోచెను. పాఠశాలలో రబ్బరుతో నెంత శుభ్రముగ తుడిచిన నంత మంచి పుస్తకము గదా!

లెక్కించుట యెంత కష్టమో ఆ బురదయొడ్డున నిలిచినప్పుడు గాని తెలియలేదు. వందలకొలది పక్షులు తల వంచి, మెల్లగ కదలుచు, నొకదాని చాటున నొకటి మేయుచుండును. ఒకటి, రెండు, మూడని నలువదికి వచ్చునప్పటికి మొదటివి స్థలము మాఱిపోవును. దీనికొక యుపాయము కలదు. గుంపులో నొకమూల పది పక్షులను విడివిడిగ లెక్కించి, ఆ పదియు నెంతచోటు నాక్రమించినవో కంటికి పట్టించుకొని, అట్టి చోట్లెన్ని గలవో గుంపు పొడవునను కొలుచుకొని పోవలెను. పెద్ద గుంపునకు పదికి బదులు నూఱు. ఇది అలవడుటకై ఇంట చేటలో కందిపప్పు చల్లి, ఒక్క చూపు చూచి సంఖ్య చెప్పి, పిమ్మట గింజ గింజయు లెక్కించి సరిచూచుకొమ్మనిరి.

నేనింట నిట్లు చేయుచుండగా మా యమ్మ చూచెను. నేను ఆఱువందలంటిని, లెక్కింపగా వేయికి పైబడెను. మరల చల్లితిని, మరల తక్కువయే చెప్పితిని. ఆమె చేటవైపు ఒక చూపు చూచి, "పిడికెడున్నర" అనెను. నేను నవ్వి, "అమ్మా, పిడికిళ్ళు గాదు, గింజలెన్నో చెప్పవలెను" అంటిని. "పిడికిటికెన్నో నువ్వు లెక్కబెట్టుకోలేవా?" అని ఆమె తన పనికి పోయెను. పిడికెడు పప్పు నేలపై పోసి లెక్కించితిని. దానికి సగము చేర్చితిని. నేను చెప్పిన సంఖ్యలకంటె నది నిజమునకెంతో దగ్గఱగ వచ్చెను. మా యుపాధ్యాయులు నల్లబల్లపై బొమ్మ గీచి చెప్పిన పద్ధతియే యిది! ఎన్నియో యేండ్లుగ ఎసటిలో బియ్యము పోయుచున్న చేతికది యదివఱకే తెలిసియున్నది. పెద్ద గుంపును చూచువాడు తఱచుగ తక్కువ సంఖ్యనే చెప్పునని మా యుపాధ్యాయులు తరువాత చెప్పిరి. నేనును ఆ జాతివాడనేయని చేట తేల్చినది.

వెదురుబద్దలతో మీటరు చదరపు చట్రము కట్టి, బురదపై పఱచి, దానిలోపలి నత్తలను, ఎండ్రకాయల బొఱియలను లెక్కించుట మఱియొక పని. దానిని గుఱించి విస్తరింపను. మోకాళ్ళవఱకు బురదలో దిగి ఇఱువంకల దోమలతో పోరాడుచు నత్తల నెన్నుటలోని సుఖము వ్రాతకు లొంగునది కాదు.

ఇక నా తప్పునకు వత్తును. నీటిపక్షులను ప్రతి సంవత్సరమును జనవరి నెలలో లెక్కించు ఏర్పాటొకటి మన దేశమున 1987 నుండి జరుగుచున్నది. ఆసియా నీటిపక్షుల గణనమని దానికి పేరు. శాస్త్రజ్ఞులేగాక విద్యార్థులును, ఉత్సాహముగల గృహస్థులును దానిలో పాల్గొందురు. ఇరాను దేశపు రామ్‌సారు పట్టణమున 1971లో కుదిరిన యొడంబడిక ననుసరించి, ఒక నీటిపట్టునకు 20,000 నీటిపక్షులు క్రమముగ వచ్చుచున్నచో దానికి అంతర్జాతీయ ప్రాముఖ్యము గలదని యెంచుదురు; అదియొక ప్రమాణము. మన రాష్ట్రపు కొల్లేరు 2002లో ఆ పట్టికకెక్కినది. ఇట్టి నిర్ణయములకు మూలము, ఎక్కడనో బురదలో నిలిచి యెవరో పెన్సిలుతో వ్రాసిన యంకె. ఈ సంగతి మా యుపాధ్యాయులు ముందుదినమే చెప్పియుండిరి. నేను శ్రద్ధగనే వింటిని.

మా తరగతిని ఇద్దఱిద్దఱిగ విభజించి, నాకును నా స్నేహితునకును వేనాడు దీవి వైపునకు కనబడు భాగమును అప్పగించిరి. ఉదయమంతయు మంచు. ఎనిమిది గంటలకది విచ్చినప్పుడు, మా యెదుట బురదకావల, నీటిలో రాజహంసల గుంపు నిలిచియుండెను. అచ్చటివారు వానిని సముద్రపు రామచిలుకలందురు. గాజుబీరువాలోని యొంటికంటి పక్షికిని వీనికిని పోలికయే లేదు. ఒక్కొక్కటి పొడుగాటి మెడను క్రిందికి వంచి, తలను తలక్రిందుగ నీటిలో నుంచి, కాళ్ళతో బురదను త్రొక్కుచు మేయుచుండెను. ముక్కులోని దువ్వెనపండ్లవంటి పొరలచేత నీటిని వడకట్టి సూక్ష్మజీవులను తినునని నేను పరీక్షలో వ్రాసినది ఇదే! ఆ తిండిలోని వర్ణమే వాని రెక్కలకు గులాబి వన్నె నిచ్చును. ఇంకను ఆ వన్నె రాని బూడిదరంగు పిల్లపక్షులును నడుమ నడుమ నుండెను. వందలకొలది గొంతుల కూత, బాతుల మందను దూరమునుండి వినినట్లుండెను.

మేము లెక్కింపవలసినవారము. లెక్కింపలేదు. చేతిఫోనులు తీసి ఛాయాచిత్రములు పట్టితిమి. దుర్భిణికి ఫోను నానించి పట్టిన చిత్రము చక్కగ వచ్చునని నా స్నేహితుడు కనిపెట్టెను. ఇక నది వచ్చువఱకు విడువలేదు. ఎంతసేపు గడచెనో యెఱుగము. ఇంతలో నొక గ్రద్ద గుంపుమీదుగ పోయెను. ఒక అంచున గొన్ని పక్షులు నీటిపై పరుగెత్తి లేచెను. వాని వెనుక మఱికొన్ని. అట్లే గుంపంతయు లేచెను. నిలిచియున్నప్పుడు దాగియున్న రెక్కల యెఱుపును, వాని యంచుల నలుపును ఒక్కసారి విప్పుకొని, అవి మా తలలమీదుగ తిరిగి దక్షిణముగ పోయెను. అంతటి దృశ్యమును నేనింతవఱకు చూడలేదు. అది పోయిన పిమ్మట మా యెదుట మిగిలినది ఖాళీ బురద, చేతిలోని ఖాళీ పుట.

"పన్నెండు వందలుండునా?" అంటిని. "ఉండవచ్చు" అని వాడనెను. నేను 1,200 అని వ్రాసితిని. ఒక్క జాతియే వ్రాసినచో మా పుట బోసిగ నుండునని తోచెను. అందఱు సూదితోక బాతులను చూచినట్లు చెప్పుకొనుచుండిరి. కావున వానిని 150 అని వ్రాసితిని. చేయి వణకలేదు. అది నిజమే చెప్పవలెను.

సాయంకాలము పడవ నడుపు వృద్ధుడొకడు మా బసకడకు వచ్చి కూర్చుండెను. ఆ సరస్సున పడవను తెడ్డుకంటె గడతోనే యెక్కువగ నడుపుదురు. గడ దిగిన లోతునుబట్టి నీటి కొలతను, గడ తగిలిన తీరునుబట్టి క్రింద నున్నది బురదయో, ఇసుకయో, గుల్లలో ఆ తాత చెప్పగలడు. మా సాధనములను చూచి ఆయన ముచ్చటపడుచుండెను; ఆయన గడను చూచి మేము ముచ్చటపడవలసినదని నాకు తోచినది తరువాత.

"ఎన్ని తేలినాయి నాయనా, మీ లెక్కలో?" అని నన్నడిగెను.

"రామచిలుకలు పన్నెండువందలు, తాతా."

"ఏ పక్క?"

"వేనాడు వైపు."

తాత కొంచెముసేపు ఊరకుండెను. "అన్ని ఉండవే. సగం గుంపు పొద్దు పొడవకముందే ఇరకం పక్క దిగినాయి, నేను చూస్తిని గదా. ఉత్తరపు గాలికి నీళ్ళు ఆ పక్కకి నెట్టుకపోయినాయి. పచ్చులు నీళ్ళెమ్మటే పోతాయి. ఏమో లే, మీరు అద్దాలు పెట్టుకొని చూస్తిరి" అని చుట్ట వెలిగించుకొనెను.

అందులో నిందయేమియు లేదు. నా అద్దములపై ఆయనకు నిజముగనే గౌరవముండెను. అందుచేతనే ఆ మాట నాకు దిగబడినది. రాత్రి భోజనము సహింపలేదు. వ్రాసిన సంఖ్య తప్పా యొప్పా యని నేను విచారింపలేదు. అది తప్పో యొప్పో తెలిసికొనుటకు నాయొద్ద దారియే లేదని గ్రహించితిని. వేయియైనను, మూడువందలైనను నా పుట అట్లే యుండియుండును.

మా యుపాధ్యాయులు దీపముక్రింద గూర్చుండి నాలుగు జట్ల లెక్కలను పెద్ద పత్రముపై చక్కవ్రాత వ్రాయుచుండిరి. నేను పోయి నిలిచితిని. "అయ్యా, మా పుటలోని రాజహంసల సంఖ్య లెక్క కాదు, ఊహ. బాతుల సంఖ్య ఊహ గూడ కాదు" అంటిని.

వారు కలము క్రింద పెట్టిరి. "గుంపు ఎన్ని గంటలకెగిరినది?"

"పదిగంటలకు ముందు."

"వ్రాసికొన్నావా?"

"లేదు."

"అయితే అదియు ఊహయే" అనిరి. కోపపడలేదు, మెచ్చుకొనలేదు. నా పుస్తకమును తీసి, పెన్సిలు నా చేతికిచ్చి, ఆ రెండు సంఖ్యలమీదను ఒక్కొక్క గీత గీయించిరి. ప్రక్కన "చూచి లెక్కించినది కాదు" అని వ్రాయించి, తేదీ వేయించిరి. 1,200 అను అంకె గీతక్రింద నేటికిని స్పష్టముగ చదువవచ్చును. ఆ పెద్ద పత్రము అప్పటికే మూడువంతులు నిండియుండెను, మొత్తములన్నియు మాఱినవి, దానిని మొదటినుండి మరల వ్రాయవలసివచ్చెను. నేను వ్రాసెదనంటిని. "వద్దు, నీవు చదువుము, నేను వ్రాసెదను" అనిరి. అర్ధరాత్రివఱకు ఇతరులు లెక్కించిన సంఖ్యలను నేను గట్టిగ చదివితిని. మా భాగము వచ్చినపుడు "లెక్క పూర్తికాలేదు" అని చదివితిని. అంతకంటె పెద్ద శిక్షను నేనెఱుగను.

నా స్నేహితునకు మఱునాటి యుదయమున సంగతి తెలిసినది. "నీ మనస్సు తేలికపడుటకు నా పేరును బురదలో వేసితివి" అనెను. ఆ మాటలో న్యాయమున్నది. పుటపై ఇద్దఱి పేర్లును గలవు. నేను మొదట వానిని లేపి చెప్పి, పిమ్మట ఇద్దఱమును పోయియుండవలసినది. నిజము చెప్పితినను తృప్తిలో నేనీ సంగతిని గమనింపలేదు. తప్పు దిద్దుకొనుటలో మఱియొక తప్పు చేయుట యెంత సులభమో ఇప్పటికిని నాకు వింతగనే యుండును.

ఆ యుదయమే మా యిద్దఱిని అదే స్థలమునకు మరల పంపిరి. ఒకరితో నొకరు మాటలాడకుండ దుర్భిణి నిలిపితిమి. గుంపు ముందటి దినముకంటె చిన్నది, దూరమున నున్నది. పదులుగ లెక్కింపగా 410 వచ్చెను. రెండవసారి 385. మూడవసారి 430. ఏది వ్రాయవలెనని పోయి యడిగితిని. "మూడును వ్రాయుము" అనిరి. మూడు వేఱువేఱు సంఖ్యలు వ్రాసిన పుట పాఠశాలలో సున్న మార్కులకు తగినది. ఇచ్చట నదియే పద్ధతి. చదువువాడు మన కన్ను ఎంతమాత్రము తడబడునో దానినిబట్టి యెంచుకొనును.

బాతులు కానరాలేదు. "బాతులు లేవు" అని నా స్నేహితుడనెను; ఆనాడు వాడు పలికిన మొదటి మాట యదియే. "లేవా, కనబడలేదా?" అని మా యుపాధ్యాయులడిగిరి. రెండింటికిని భేదమేమని వాడనగా, గట్టుపైన గూర్చుండి వారు మాకు కలివికోడి కథ చెప్పిరి. చాలభాగము తరువాత నేను గ్రంథాలయమున చదివి సరిచూచుకొంటిని. మన నెల్లూరివారందఱు నెఱిగియుండదగిన కథ గాన కొంచెము వివరింతును.

థామస్ జెర్డన్ అను ఆంగ్లేయ వైద్యుడు పందొమ్మిదవ శతాబ్దమున మన నెల్లూరిలో సివిల్ సర్జనుగ నుండెను. ఆయన చూపంతయు పక్షులపైననే. ఇచ్చటి యానాదులతో పరిచయము చేసికొని, జంతువులను, పక్షులను గుఱించి వారివలన ఎన్నియో సంగతులు గ్రహించెను. 1862 మొదలు 1864 వఱకు వెలువడిన ఆయన గ్రంథము, భారతదేశ పక్షులు అనుదానిలో అనేక పక్షులకు తెలుగు పేర్లును కనబడును. ఆ పేర్లు ఇంగ్లండునుండి వచ్చినవి కావు గదా! ఆయన సంపాదించి పంపిన పక్షి నొకదానిని కలకత్తాలోని ఎడ్వర్డ్ బ్లైత్ 1848లో క్రొత్తజాతిగ వర్ణించెను. అదియే కలివికోడి, ముండ్లపొదల నడుమ నేలపై తిరుగునది, రాత్రివేళ సంచరించునది. 1900 తరువాత దానిని చూచినవారు లేరు. ఒక తరము గడచెను, రెండు తరములు గడచెను. ఆ జాతి నశించినదనియే పలువురు తలచిరి. కడకు 1986 జనవరిలో, కడప జిల్లా రెడ్డిపల్లె సమీపమున, స్థానికుడైన యొక వేటకాని సాయముతో బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘమువారికది మరల దొరికినది. ఎనుబదియాఱేండ్లు శాస్త్రజ్ఞులకు కనబడని పక్షి, ఆ ప్రాంతపు వేటకానికి తెలిసియే యుండెను. ఆ పిమ్మట దానిని వెదకువారు పొదలనడుమ మెత్తని మట్టిని పట్టీలుగ పఱచి, రాత్రి గడచిన తరువాత దానిపై పడిన యడుగుజాడలను చదువు విధానమును గూడ అవలంబించిరి.

"1985లో ఒకడు ఆ పొదలలో వెదకి 'కలివికోడి లేదు' అని వ్రాసియుండిన నది అబద్ధము. 'వెదకితిని, కనబడలేదు' అని వ్రాసియుండిన నిజము" అని మా యుపాధ్యాయులు లేచి బట్టల మన్ను దులుపుకొనిరి. నా స్నేహితుడు బాతుల వరుసలో "కనబడలేదు" అని వ్రాసి, ప్రక్కన గంట వేసెను.

తిరుగు ప్రయాణమున దొరవారిసత్రము సమీపముననున్న నేలపట్టునకు పోయితిమి. 1976లో పక్షుల రక్షితస్థానముగ ప్రకటింపబడిన యూరది. వైశాల్యము సుమారు 459 హెక్టారులు. చెఱువులో నీట నిలిచియుండు కడపచెట్లపై గూడబాతులు గూళ్ళు కట్టును. అవి గుడ్లు పెట్టి పొదుగునది నేలపట్టులో. పిల్లలకు చేపలు తెచ్చునది ప్రళయకావేరినుండి. ఒకటి చెడినచో రెండవదానికి పనిలేదు. వానల వెలితిచే చెఱువు నిండని యేడు గూళ్ళును తగ్గును. పక్షుల రెట్టలు కలిసిన చెఱువునీరు పైరులకు బలమని అచ్చటి రైతులు వానికి హాని రానీయరు. ఒక్కొక్క చెట్టు కొమ్మలన్నియు తెల్లగ సున్నము కొట్టినట్లుండెను. ఆ వాసనను గుఱించి తల్లిదండ్రులు చదువు సంచికలో వ్రాయుట మర్యాద కాదు.

గూళ్ళను లెక్కించుట సుఖము, అవి యెగిరిపోవు. అచ్చట మాకు క్రొత్త నియమము పెట్టిరి. ఇద్దఱును వేఱువేఱుగ లెక్కించి, ఒకరి సంఖ్య నొకరికి చూపకుండ వ్రాసి, పిమ్మట పోల్చవలెను. ఒక చెట్టును ఎంచుకొని నేనును నా స్నేహితుడును చెఱియొక ప్రక్క నిలిచితిమి. పుటలు కలిపి చూడగా వానికంటె నాకు ఏడు గూళ్ళు తక్కువ వచ్చెను. "పాతగూళ్ళను గూడ కలిపితివి" అని నేనును, "ఆకులచాటువి విడిచితివి" అని వాడును వాదులాడితిమి. చెట్టుచుట్టు మూడుసార్లు తిరిగితిమి. నేను విడిచినవి ఐదు, వాడు ఎక్కువగ వ్రాసినవి రెండు. "ఫోటో తీసియుండిన బాగుండును" అని వాడనగా ఇద్దఱమును ఒక్కసారి నవ్వితిమి. రైలులో వాడే నాకు ఇడ్లీపొట్లము విప్పి యిచ్చెను.

ఇది జరిగి యొక సంవత్సరమైనది. గడచిన జనవరిలో అదే స్థలమునకు అదే స్నేహితునితో మరల పోయితిని. పడవతాత మమ్ము గుర్తుపట్టి, "ఈసారి ఎన్ని తేలినాయి?" అనెను.

"మంచు విడువలేదు, తాతా. కనబడిన సగమునే లెక్కించితిమి."

"మిగతా సగం?"

"తెలియదని వ్రాసితిమి."

"అట్నే రాయండి. రేపు గాలి తగ్గితే పడవలో తీసకపోతా. కింది రెండు జేబుల్లో ఏం పెట్టుకోబాకండి, తడుస్తాయి" అనెను. మఱునాడు గాలి తగ్గలేదు. ఆ పుట నేటికిని అట్లే సగమున్నది.

రాబోవు జనవరిలో మన పాఠశాల పై తరగతులవారిలో నెవరైన మాతో రాదలచినచో, పండితులవారికి తమ పేర్లిచ్చిన చాలును. తల్లిదండ్రుల యనుమతి పత్రము అవసరము. తలపాగాయో టోపియో, నీళ్ళసీసా, తడిసినను విచారములేని చెప్పులు, రెండు పెన్సిళ్ళు తెచ్చుకొనవలెను. రబ్బరు అక్కఱలేదు. ఈలోగ కందిపప్పుతో అభ్యాసము చేయువారు, లెక్క ముగిసిన వెంటనే పప్పును డబ్బాలో మరల పోయవలెనని మా యమ్మ చెప్పమన్నది.